పంతొమ్మిది సీట్ల విమానంలో బాబాయి

కడపలో మాకు పనేమీ లేదు. చుట్టాలు లేరు, కోర్టు వాయిదాలు లేవు, చూడాల్సిన పెళ్లి సంబంధమూ లేదు. ఈ మాట మా బడి స్టాఫ్‌రూములో చెబితే ఒక్కరూ నమ్మలేదు. పోనీ వెళ్లిన దారైనా తిన్ననిదా అంటే అదీ కాదు. దర్శిలో పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకు కడపలో ఉండొచ్చు. మేము మాత్రం దానికి ఎదురు దిక్కున గుంటూరు పోయి, అక్కణ్ణుంచి గన్నవరం పోయి, విమానమెక్కి, తిరిగి మా ఊరి పక్కగానే ఎగిరి కడపలో దిగాం. ముక్కేదిరా అంటే తల చుట్టూ తిప్పి చూపించినవాడు మా ముందు దిగదుడుపే.

ఇదంతా మా బాబాయి యేసురత్నం కోసం. మా నాన్నకు ఆఖరి తమ్ముడు. గన్నవరంలో ఒక చిన్న విమానాల కంపెనీలో పద్దెనిమిదేళ్లు లోడరుగా పనిచేసి, రెండేళ్ల క్రితం రిటైరై దర్శి వచ్చేశాడు. అన్నేళ్లూ విమానం తోక దగ్గరి తలుపులోంచి లెక్కలేనన్ని సంచులు లోపలికి పంపాడు. తాను మాత్రం ఒక్కసారీ లోపల కూర్చుని ఎగరలేదు.

ఆ కంపెనీకి గన్నవరం నుంచి మిగిలింది కడప విమానం ఒక్కటే. దాన్ని కూడా నెలాఖరుకి ఆపేస్తున్నారని పేపరు జిల్లా పేజీలో నాలుగు లైన్లు వేశారు. బాబాయి ఆ ముక్క కత్తిరించి బైబిల్లో పెట్టుకున్నాడు. అది చూసి మా కరుణ పిన్ని నాకు ఫోన్ చేసింది. ఆయన అన్నం సరిగ్గా తినట్లేదనీ, అడిగితే పన్ను నొప్పంటున్నాడనీ, ఉన్న పళ్లన్నీ తనకు తెలుసనీ చెప్పింది. నేను ఒక్కోటి రెండు వేల ఐదొందలు పెట్టి రెండు టిక్కెట్లు కొన్నాను. పిన్నిని రమ్మంటే, ఇద్దరం పైకి పోతే గేదెకు నీళ్లెవరు పెడతారని అడిగింది. 

అద్దంకి బస్టాండు

బాబాయితో బస్సు ప్రయాణం చేస్తే ఊరందరి సామానుతోనూ ప్రయాణం చేసినట్టే. అద్దంకిలో బస్సు మారడానికి దిగాం. ఎక్కాల్సిన బస్సు రాగానే ఆయన సీటు కోసం పరిగెత్తలేదు, వెనక డిక్కీ దగ్గరికి పరిగెత్తాడు. ఎవరివో రెండు బియ్యం మూటలు, ఒక కుక్కర్ పెట్టె, ఒక ట్రంకు పెట్టె చకచకా సర్దేశాడు. బరువైనవి అడుక్కి, మెత్తనివి పైకి, గాజు సామాను మూలకి. కండక్టరు చేతులు కట్టుకుని నిలబడి మెచ్చుకున్నాడు. ఈలోగా నేను కిటికీలోంచి కర్చీఫ్ వేసి రెండు సీట్లు ఆపాను. మా ఇంట్లో పని పంచుకోవడం ఇట్లాగే ఉంటుంది.

ఒక పెద్దాయన తన పెట్టె ఎక్కడ పెట్టారో చూసుకుందామని డిక్కీలోకి తొంగి చూశాడు. బాబాయి చెయ్యి అడ్డం పెట్టి, “ప్యాసింజర్లు ఇక్కడ నిలబడకూడదు. అటు నడవండి,” అన్నాడు. ఆ పెద్దాయన బెదిరి నిజంగానే అటు నడిచాడు. గన్నవరంలో బాబాయి రోజంతా అన్న మాట అదొక్కటే. జనం విమానం దిగగానే తోక దగ్గర మూగి, తమ సంచి దిగుతుందో లేదో చూస్తారట. వాళ్లను తోలడం సంచులు మోయడంకన్నా కష్టమట. నిద్రలో కూడా ఆ మాట అనేవాడని పిన్ని చెబుతుంది.

మేదరమెట్ల దాటాక

మేదరమెట్ల దాటాక హైవే ఒకచోట ఉన్నట్టుండి మైదానమంత వెడల్పవుతుంది. మధ్యలో డివైడరు ఉండదు, చెట్టూ ఉండదు. ఎప్పుడైనా అవసరం పడితే విమానాలు దిగడానికి రోడ్డునే రన్‌వేగా పోశారు. మా పక్క సీట్లో కొత్తపట్నం నుంచి వచ్చిన ఎండుచేపలామె కూర్చుని ఉంది. మేము ఎక్కడికి పోతున్నామో, ఎందుకు పోతున్నామో విని, ఇక్కడే దిగి చెయ్యెత్తితే విమానం ఆపరా అని అడిగింది. బాబాయి నవ్వలేదు. చాలా శ్రద్ధగా, ఇది రిక్వెస్టు స్టాపు కాదమ్మా అని చెప్పాడు.

తర్వాత ఆమె, ఎండుచేపల బుట్ట విమానంలోకి రానిస్తారా అని అడిగింది. ఒకసారి రానిచ్చారట, బాబాయి చెప్పాడు. వారం రోజులు వాసన పోలేదట. ఎక్కిన వాళ్లందరూ పక్కవాళ్లను అనుమానంగా చూసుకుంటూ ప్రయాణం చేశారట. అది విని ఆమె తృప్తిగా తల ఊపి, బుట్టను కాళ్ల దగ్గరికి ఇంకొంచెం లాక్కుంది.

గుంటూరు

మార్చి నెలలో గుంటూరులో దిగగానే ముందు తుమ్మాలి, తర్వాతే మాట్లాడాలి. యార్డుకు పోయే లారీలు ఎర్రటి టిక్కీలతో వరసగా నిలబడి ఉన్నాయి. టిక్కీ అంటే మిరపకాయలు కుక్కిన గోతం. బస్టాండు దగ్గరి హోటల్లో భోజనం నూట ఇరవై రూపాయలు. గోంగూర ఎంత కావాలంటే అంత వేశారు, పెరుగు మాత్రం అడిగితేనే వేశారు. కడపలో కారం చాలకపోతే ఎట్లాగని నేను రెండు కేజీల గోంగూర పచ్చడి జాడీ కూడా కొన్నాను. కడపకు కారం మోసుకెళ్లడం ఎంత తెలివైన పనో అప్పటికి నాకు తెలియదు.

అన్నం తింటూ బాబాయి కంపెనీ చరిత్ర చెప్పాడు. పేర్లు ఎందుకు గానీ, దాన్ని మొదలుపెట్టింది మా వైపు పొగాకు వ్యాపారి ఒకాయన. ఒక పాత విమానం కొని నీలం రంగు వేయించాడు. అందులో మనుషులకన్నా రొయ్యపిల్లల పెట్టెలకు మర్యాద ఎక్కువ. పెట్టెలు ఎక్కువ వస్తే మనుషులను దించేవారు. ఆయన అలిసిపోయాక కోల్డ్ స్టోరేజీల యజమాని కొని ఆకుపచ్చ రంగు వేయించాడు. కోల్డ్ స్టోరేజీలో సరుకు కదలకుండా ఉంటే డబ్బు, విమానం కదలకుండా ఉంటే నష్టం. ఈ తేడా ఆయనకు బోధపడటానికి రెండేళ్లు పట్టింది. తర్వాత బయటి రాష్ట్రం కంపెనీ వచ్చి నారింజ రంగు వేసి, లోడర్లను కూడా కూర్చోబెట్టి నవ్వడం నేర్పించింది. సంచిని చూసి నవ్వడమేమిటో బాబాయికి ఇప్పటికీ అర్థం కాలేదు. మూడు రంగుల యూనిఫారాలూ దాచుకున్నాడు. నారింజ చొక్కా మాత్రం పిన్ని మిరప చేలో దిష్టిబొమ్మకు తొడిగింది.

సిబ్బందికి ఏడాదికోసారి ఊరికే ఎగిరే టిక్కెట్టు ఇచ్చేవారట. దాని మీద ఒక మెలిక ఉంది. సీటు ఖాళీ ఉంటేనే. బాబాయి నాలుగుసార్లు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. మొదటిసారి రొయ్యపిల్లలు వచ్చాయి. రొయ్యపిల్ల ఆగితే చచ్చిపోతుంది, యేసురత్నం ఆగితే చావడు కదా అన్నాడట యజమాని. రెండోసారి ఎవరో నాయకుడి వెంట నలుగురు అదనంగా వచ్చారు. మూడోసారి సీట్లో కూర్చుని బెల్టు కూడా పెట్టుకున్నాక, ఆసుపత్రికి పోవాల్సిన ఒకామె ఏడుస్తూ వచ్చింది. ఎవరూ చెప్పకుండానే ఆయనే లేచి దిగిపోయాడు. నాలుగోసారి పొగమంచు. ఆ తర్వాత అడగడం మానేశాడు.

“ఈసారి డబ్బు కట్టిన టిక్కెట్టు బాబాయ్. నిన్ను ఎవరూ దించలేరు,” అన్నాను. ఆయన మజ్జిగ తాగుతూ, చూద్దాంలే అన్నాడు.

గన్నవరం

మర్నాడు గన్నవరంలో మొదటి వింత ఏమిటంటే, పద్దెనిమిదేళ్లు పనిచేసిన చోట బాబాయికి దారి తెలియలేదు. ఆయన ఎప్పుడూ వెనక గేటులోంచి వెళ్లినవాడు. ముందు తలుపు ఎటుందో నేను చూపించాల్సి వచ్చింది. లోపల టీ నూట యాభై. అద్దంకిలో పది రూపాయలకు తాగిన టీకీ దీనికీ తేడా అడిగితే, కప్పు మీద మూత ఉందండీ అన్నాడు అమ్మేవాడు. ఇద్దరం మూత తీసి చూసి, మళ్లీ పెట్టి, కొనకుండా వచ్చేశాం.

చిన్న విమానంలో ఇంకో పద్ధతి ఉంది. పెద్ద విమానాల్లో సంచులనే తూస్తారు, ఇక్కడ మనుషులనూ తూస్తారు. పంతొమ్మిది సీట్లే కాబట్టి ప్రతి కేజీ లెక్కలోకి వస్తుంది. మనిషి ముందు కాటా ఎక్కాలి, తర్వాత సంచి పక్కనున్న బెల్టు మీద పెట్టాలి, రెండూ ఒక కాగితంలో రాస్తారు. ఎత్తైన కౌంటరు వెనక ప్రశాంతి అనే అమ్మాయి ఉంది. విజయనగరం పిల్ల, బాబాయి ఆఖరి ఏడాదిలో చేరింది. ఆయన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. నా బరువు మాత్రం అవసరమైన దానికన్నా గట్టిగా చదివింది.

మా ముందు వరసలో నరసరావుపేట వైపు మిరప రైతులు ఆరుగురు ఉన్నారు. కడప దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి పోతున్నారు. పంట గట్టెక్కితే విమానంలో వస్తామని మొక్కుకున్నారట. వాళ్లకు పెద్ద మస్తాన్ గారు, సన్నగా, పొడుగ్గా, ఎండుమిరపకాయలా ఉన్నాడు. కాటా మీద నిలబడి, తరుగు ఎంత తీస్తారమ్మా అని ప్రశాంతిని అడిగాడు. యార్డులో ప్రతి టిక్కీకి కొంత బరువు తరుగు కింద కోసేస్తారు మరి. మనుషులకు తరుగు ఉండదని ఆ అమ్మాయి చెబితే, ఆయన ఒక్క క్షణం నమ్మలేక చూశాడు. మంచి యార్డే అని మెచ్చుకుని దిగాడు. అందరం నవ్వాం. అప్పుడు నవ్వకుండా కాస్త కిందికి చూసి ఉంటే, తర్వాత గొడవ ఉండేది కాదు.

ఎనభై కేజీలు

ఎండ మండుతుండగా విమానం దగ్గరికి నడిచాం. ఎక్కిన వెంటనే మస్తాన్ గారి మనుషులు ముందు సీట్ల మీద తువ్వాళ్లు పరిచేశారు. బరువు సమంగా పడాలని ప్రశాంతి అందరినీ చెప్పిన చోటే కూర్చోబెట్టేసరికి తువ్వాళ్లు ముందూ మనుషులు వెనకా అయ్యారు. బాబాయికి కిటికీ పక్క సీటు వచ్చింది. బెల్టు పెట్టుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఫోటోకు కూర్చున్నట్టు కూర్చున్నాడు.

అప్పుడు ప్రశాంతి మళ్లీ పైకి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. ఎండ ఎక్కువైతే ఇంజను అంత బరువు ఎత్తలేదట. ఎనభై కేజీలు తగ్గితే గానీ కదలనని పైలట్ చెప్పాడట. ఎవరైనా ఒకరు తమ సామానుతో దిగితే డబ్బు వాపసు ఇచ్చి, రేపు సీటు ఉంటే పంపిస్తామంది. రేపూ ఎల్లుండీ సీట్లన్నీ నిండిపోయాయని నాకు తెలుసు. ఎల్లుండితో నెల ఆఖరు. పంతొమ్మిది మందిమీ ఒకరి ముఖాలు ఒకరం చూసుకుని, తర్వాత ఎవరి గోళ్లు వాళ్లం చూసుకున్నాం.

పక్కన టక్కుమని చప్పుడైంది. బాబాయి బెల్టు తీసేశాడు.

నేను చొక్కా పట్టుకుని కిందికి లాగాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు. డబ్బు కట్టాం బాబాయ్ అన్నాను. ఆయన నా చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

“బరువెక్కువైతే స్టాఫే ముందు దిగాలమ్మా. అది పద్ధతి,” అన్నాడు. స్టాఫు కాకుండా పోయి రెండేళ్లయిందని నేను చెప్పేలోపే మెట్లు దిగిపోయాడు. దెబ్బలాడటానికి నేనూ వెనకే దిగాను.

కింద ఆయన తన సంచి తీయించడానికి తోక దగ్గరికి నడిచాడు. తలుపులోకి తొంగి చూసి ఆగాడు. లోపలున్న సంచులను ఒక్కొక్కటీ ఒక చేత్తో కొంచెం లేపి వదిలాడు. అలవాటు. తర్వాత ప్రశాంతి చేతిలోని కాగితం అడిగి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, వేలితో వరసగా చదివాడు. మస్తాన్ గారి పేరు దగ్గర వేలు ఆగింది.

“ఈయన ఎనభై రెండు కేజీలేంటమ్మా? తడిపి తూచినా అరవై తొమ్మిది దాటడు,” అన్నాడు.

ఆ కింది ఐదు పేర్లూ అట్లాగే ఉన్నాయి. ఆరుగురినీ కిందికి పిలిపించాడు. కాటా ఎక్కినప్పుడు సంచి ఎక్కడుందని మస్తాన్ గారిని అడిగాడు.

“నా చేతిలోనే. ఇంకెక్కడ పెడతాం? కాటా కాకుండా సంచి వదిలితే అది మనదవుద్దా?” అన్నాడు మస్తాన్ గారు. తక్కిన ఐదుగురూ అంతేగా అంతేగా అన్నారు.

అదీ సంగతి. యార్డులో కాటా అయ్యేదాకా టిక్కీ మీద చెయ్యి తీయరు. అందుకని ఆరుగురూ సంచులు చేతిలో వేలాడదీసుకునే కాటా ఎక్కారు. కౌంటరు ఎత్తుగా ఉండటంతో ప్రశాంతికి తలలే కనిపించాయి, చేతులు కనిపించలేదు. ఆ తర్వాత అవే సంచులను బెల్టు మీద మళ్లీ తూచారు. ఆరు సంచులూ కాగితంలో రెండేసిసార్లు ఎక్కాయి.

ప్రశాంతి సరుకు తూచే కాటా తెప్పించి, వాళ్లను చేతులు ఖాళీగా మళ్లీ నిలబడమంది. దానికి వాళ్లు సుతరామూ ఒప్పుకోలేదు. రెండో కాటా అంటే తరుగు తీయడానికే అని వాళ్ల గట్టి నమ్మకం. బాబాయి ముందు తానే ఎక్కి దిగి చూపించాక గానీ ఒక్కరూ రాలేదు. మస్తాన్ గారు సరిగ్గా అరవై తొమ్మిది వచ్చాడు. అందరిదీ కలిపి డెబ్బై ఎనిమిది కేజీలు తగ్గింది. ఇంకా రెండు కేజీలు ఎక్కువున్నాయని, రూలు రూలేనని పైలట్ కిటికీలోంచే చెప్పాడు.

అందరూ ఆలోచనలో పడ్డారు. నాకు ఆలోచించాల్సిన పని లేదు. నా సంచి తీయించి, గోంగూర జాడీ బయటికి తీసి ప్రశాంతి చేతిలో పెట్టాను. ఇన్నేళ్ల బతుకులో నేను చేసిన త్యాగాల్లో ఇదే పెద్దది. విమానం అరగంట ఆలస్యంగా కదిలింది, బాబాయితో సహా.

పైన

పైకి లేచేటప్పుడు బాబాయి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. భయమా అని అడిగితే, సామాను కదులుతుందేమో వింటున్నానన్నాడు. కదలలేదట, బాగా కట్టారట. అప్పుడు కళ్లు తెరిచాడు.

కింద మిరప కల్లాలు. పత్తి తీసేసిన నల్ల చేల మధ్యన ఎర్రగా ఆరబోసిన కాయలు, పక్కనే అగ్గిపెట్టెలంత పట్టాల గుడిసెలు. మస్తాన్ గారి మనుషులు ఆ కల్లాలను చూసి ఎవరివి తాలు కాయలో, ఎవరివి మంచివో అంత ఎత్తు నుంచే తేల్చేస్తున్నారు. గుండ్లకమ్మ కనిపించింది, ఏట్లో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ. మా దర్శి ఎటువైపో చూపించమని పైలట్‌ను అడగలేం కాబట్టి మేమే ఒక ఊరిని దర్శి అనుకున్నాం. అక్కడ పిన్ని గేదెకు నీళ్లు పెడుతూ ఉంటుందని బాబాయి చెయ్యి ఊపాడు. అది పొదిలి కూడా అయ్యుండొచ్చు.

కడప

విమానం చక్రాలు నేలకు తగిలాయో లేదో, ఆరుగురు రైతులూ లేచి నిలబడి ముందు సీట్ల మీది తువ్వాళ్లు తీసుకున్నారు. బాబాయి అందరూ దిగేదాకా కూర్చున్నాడు. దిగాక, బయటికి పోయే దారికి కాకుండా, కాళ్లు ఎటు అలవాటుపడ్డాయో అటే నడిచాడు. తోక దగ్గర నిలబడి, సామాను తలుపు తెరుచుకోవడం చూస్తున్నాడు.

అక్కడి లోడరు నలభై ఏళ్ల మనిషి, నారింజ చొక్కా వేసుకుని ఉన్నాడు. చెమట తుడుచుకుంటూ తిరిగి చూసి విసుక్కున్నాడు.

“సార్, ప్యాసింజర్లు ఇక్కడ నిలబడకూడదు. అటు నడవండి.”

బాబాయి రెండడుగులు వెనక్కి వేసి, అతను చూపించిన వైపే బుద్ధిగా నడిచాడు. కొంత దూరం పోయాక నా వైపు తిరిగాడు. ముఖం వెలిగిపోతోంది.

ఇక కడపలో కారం గురించి. రోడ్డు పక్క హోటల్లో కారం దోసె తెప్పించుకున్నాం, ఒక్కోటి డెబ్బై రూపాయలు. దోసె మీద ఎర్ర కారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి పోశారు. పుట్టిన దగ్గర్నుంచీ మిరప చేల మధ్య బతికినదాన్ని, నాకొక దోసె లెక్కా అనుకుని పెద్ద ముక్క తుంచాను. తర్వాత పక్క టేబుల్ మీది నీళ్ల జగ్గు కూడా నేనే ఖాళీ చేశాను. ఏ ఊరమ్మా మీది అని సప్లయరు అడిగితే, ప్రకాశం జిల్లా పరువు కాపాడదామని విజయనగరం అని చెప్పాను. గోంగూర జాడీ గన్నవరంలో ఉండిపోవడమే మంచిదైంది.

దర్శి

మూడో రోజు బస్సులోనే తిరిగొచ్చాం. కడప బస్టాండులో బాబాయి డిక్కీ వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. మా రెండు సంచులూ నేనే సర్దాను. బరువైనది పైకి, మెత్తనిది అడుక్కి పెట్టానని దిగేటప్పుడు తెలిసింది.

ఇంటికి చేరేసరికి పిన్ని గుమ్మంలో ఉంది. మూడు రోజులుగా దాచుకున్న ప్రశ్న అడిగింది.

“ఏం చూశావయ్యా పైన?”

కల్లాల సంగతి చెబుతాడనుకున్నాను. గుండ్లకమ్మ సంగతో, గన్నవరంలో తన ఘనకార్యమో చెబుతాడనుకున్నాను. ఆయన సంచి అరుగు కింద వదిలేసి, చొక్కా సర్దుకున్నాడు.

“కడపలో లోడరు నన్ను కసిరాడే కరుణా. ప్యాసింజర్లు ఇక్కడ నిలబడకూడదన్నాడు. సార్ అని మరీ అన్నాడు.”

పద్దెనిమిదేళ్లు పగలూ రాత్రీ ఆ మాట ఆయన నోటనే విన్న మనిషి. పిన్ని నవ్వలేదు. మెట్లు దిగి వచ్చి, కింద ఉన్న సంచి ఎత్తుకుంది.

“సరే, నువ్వు లోపలికి పోయి కూర్చో. సామాను నేను తెస్తా,” అంది.